ఉప్పుగాలి తిన్న కెమెరా

కెమెరా బాడీని తిరగేసి పట్టుకుంటే అడుగున చిన్న చిన్న స్క్రూలు కనిపిస్తాయి. 2018లో నేను మొదటిసారి సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ ఫ్రేమ్ కెమెరా (బొమ్మని పట్టే సెన్సర్ పెద్దగా ఉండేది) కొన్నప్పుడు, వాటిలో ఒకదాని గాట్లో ఆవగింజలో సగమంత ఎర్రటి మచ్చ ఉంది. గోటితో గీకితే పొడిలా రాలింది. మట్టి అనుకున్నాను. అది తుప్పని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా నా 52 వేలు పోయాయి, మా పిన్ని కూతురి పెళ్లిలో మంగళసూత్రం కట్టే ఫొటో పోయింది.

కొన్నది విశాఖ ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా. అమ్మే కుర్రాడే అక్కడికి రమ్మన్నాడు. "ఇక్కడైతే నాలుగు ఫొటోలు తీసి చూసుకోవచ్చన్నా" అన్నాడు. సాయంత్రం నాలుగు గంటలు, మంచి ఎండ. తీసిన ప్రతి ఫొటో కళకళలాడుతూ వచ్చింది. అంత వెలుతురులో ఏ కెమెరాతో తీసినా అలాగే వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. "షట్టర్ కౌంట్ 23 వేలేనన్నా. ఫస్ట్ ఓనర్‌ని నేనే. కొత్తదాంతో సమానం." షట్టర్ కౌంట్ అంటే కెమెరా అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క. బాక్స్ తెచ్చాడు. బిల్లు ఇంట్లో ఎక్కడో ఉందని, రాత్రికి వాట్సాప్ చేస్తానని అన్నాడు. ఆ బిల్లు ఇప్పటికీ రాలేదు.

పెళ్లి గోపాలపట్నంలో, ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్ర బెల్లం వరకూ కెమెరా బాగానే పనిచేసింది. మాంగల్యధారణ దగ్గర పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు, భజంత్రీలు జోరందుకున్నాయి, నేను బటన్ నొక్కాను. స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ తీసి పెట్టాను. బ్యాగులో ఉన్న పాత కెమెరా బయటికి తీసి, దానికి లెన్స్ తగిలించి తలెత్తేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి, అక్షింతలు రాలుతున్నాయి. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. ఆల్బమ్‌లో ఆ పేజీలో ఇవాళ్టికీ వీడియోలోంచి తీసిన మసక బొమ్మే ఉంది.

రిపేరు చేసే ఆయన బాడీ విప్పి, భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. సర్క్యూట్ బోర్డు అంచున చిలుము పట్టింది, రాగి చెంబు అడుగున పట్టినట్టు పచ్చగా. దాని పక్కన తెల్లటి పొర, ఉప్పు. "సముద్రం నీళ్లు పడ్డాయి మాస్టారూ. ఈమధ్య పడ్డవి కావు, ఏడాది దాటి ఉంటుంది" అన్నారు. బాగుచేయడానికి 31 వేలు అవుతుందని, అయినా ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేనని కూడా అన్నారు. ఇంటికొచ్చి, అప్పటిదాకా దానితో తీసిన ఫొటోల వివరాలు మొదటిసారి శ్రద్ధగా చూశాను. కెమెరా మెనూలో ఓనర్ పేరు, కాపీరైట్ రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ రాసిన పేరు తీసిన ప్రతి ఫొటోలోనూ చేరుతుంది. నా ఫొటోలన్నిట్లో ఒక స్టూడియో పేరు ఉంది. నాకు అమ్మిన కుర్రాడిది కాదు.

కుర్రాడికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను కొన్నప్పుడే అలా ఉందేమోనన్నా, నాకూ చెప్పలేదు" అన్నాడు. అతని మాట నిజమే అయి ఉండొచ్చు. బహుశా ఏదో ప్రీవెడ్డింగ్ షూట్‌లో అల తగిలి ఉంటుంది. స్టూడియోవాళ్లు తుడిచి, పనిచేస్తోంది కదా అని అమ్మేసి ఉంటారు. ఈ కుర్రాడికి ఎక్కడో అనుమానం వచ్చి నాకు అమ్మేసి ఉంటాడు. నేనూ స్క్రూ గాటు తుడిచి, కౌంట్ 25 వేలేనని చెప్పి ఇంకొకరికి అంటగట్టి ఉండొచ్చు. ఇలా చేతులు మారినకొద్దీ ధర కాస్త తగ్గుతుంది, కాబట్టి తక్కువ డబ్బున్నవాడి చేతికి చేరుతుంది. చెడిపోయేది ఆఖరివాడి దగ్గరే. సెకండ్ హ్యాండ్ కెమెరాల విషయంలో నాకు కోపం వచ్చేది ఇక్కడే. నష్టం ఎక్కడికీ పోదు. మొదట నీళ్లు పోసినవాడి నుంచి, అసలు భరించలేనివాడి దాకా నడిచి వెళ్తుంది.

అందుకే ఈ వ్యాసం. మన విశాఖలో సెకండ్ హ్యాండ్ కెమెరా అనగానే అందరూ అడిగేది షట్టర్ కౌంట్. అది అడగండి, తప్పులేదు. కానీ దానికన్నా ముందు, ఆ కెమెరా ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది, ఏమేం చూసింది అన్నది తెలియాలి. ఆ మాట కొనేవాడు కూపీ లాగి తెలుసుకునేదిగా ఉండకూడదు. అమ్మేవాడే ముందుగా చెప్పాలి.

షట్టర్ కౌంట్ అంటే బండికి మీటర్ రీడింగ్ లాంటిది. షట్టర్ ఎన్ని క్లిక్కులు ఓర్చుకుంటుందో చెప్తూ, క్యానన్ 6డీకి లక్ష, 5డీ మార్క్ 3కి, నికాన్ డీ750కి లక్షన్నర, డీ810కి రెండు లక్షలు అని తయారీదారులే చెప్పారు. ఆ అంకె దాటిన మర్నాడు కెమెరా ఆగిపోదు, దాటకముందు ఆగదన్న హామీ కూడా లేదు. నికాన్‌లో అయితే తీసిన ఫొటో ఫైల్లోనే ఆ అంకె ఉంటుంది కాబట్టి చూడటం తేలిక. షట్టర్ పోతే మార్చుకోవచ్చు, ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది. చిలుము పట్టిన బోర్డు అలా కాదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మన ఊళ్లో కౌంట్ మరీ తక్కువగా ఉందంటే సంతోషించడానికి ముందు ఒక్క నిమిషం ఆగాలి. అయిదారేళ్ల కెమెరాకి కౌంట్ పది వేలే ఉందంటే, అది బీరువాలో పడి ఉందని అర్థం. బీరువాలో చీరల మధ్య, చీకట్లో, గాలి ఆడకుండా. ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి? వారం వారం పెళ్లిళ్లకి వెళ్లి, ఎండ చూసి, గాలి తగిలి, లక్ష క్లిక్కులు కొట్టిన కెమెరా బయట గీతలు పడి అరిగిపోయినట్టు కనిపిస్తుంది. దాని లోపల మాత్రం శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను రెండోదే తీసుకుంటాను.

ఈ ఫంగస్ పాఠం నాకు హుద్‌హుద్ నేర్పింది. 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ అద్దాలు పగిలి గోడలన్నీ తడిసిపోయాయి. నీళ్లు, పాలు, ఫోన్ ఛార్జింగ్ కోసం తిరగడంతోనే సరిపోయింది, బీరువాలో లెదర్ కేసులో ఉన్న 50 ఎంఎం లెన్స్ ఎవరికి గుర్తుంటుంది? సంక్రాంతికి తీశాను. టార్చ్ వెలుగు ఒక పక్క నుంచి వేసి చూస్తే అద్దం లోపల సన్నటి తెల్లని దారాలు, మధ్యలోంచి అంచుకి పాకుతూ, పిండితో వేసిన ముగ్గులా ఉన్నాయి. శుభ్రం చేయించాను. దారాలు పోయాయి, అవి పాకిన చోట అద్దం మీది పూత తినేసిన మరక మాత్రం ఉండిపోయింది. ఎదురువెలుతురులో తీస్తే ఫొటో అంతా పాలు కలిపినట్టు తేలిపోయేది. లెదర్ కేసు చూడ్డానికి అందంగా ఉంటుంది, చెమ్మని మాత్రం వదలదు. దాచడానికి అది పనికిరాదు.

గాలిలో తేమ 60 శాతం దాటి నిలిచిపోతే ఫంగస్‌కి అనువు. మన ఊళ్లో ఏడాదిలో చాలా రోజులు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దానికి తోడు ఉప్పు. వానలో తడిసిన కెమెరా, అదృష్టం బాగుంటే, ఆరాక పనిచేయొచ్చు. సముద్రపు నీళ్లు అలా కాదు. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూశాం కదా, కెమెరా లోపలి ఉప్పు కూడా అలాగే గాల్లో తేమని లాక్కుంటుంది. బ్యాటరీ పెట్టి ఉంటే కరెంటు తోడై లోహాన్ని ఇంకా వేగంగా తింటుంది. అందుకే నా కెమెరా మొదటి రోజు ఆగిపోలేదు. ఏడాది పైగా లోలోపల తినేసి, ముహూర్తం వేళ ఆగింది.

ఇంత రిస్క్ ఉన్నప్పుడు ఫుల్ ఫ్రేమే ఎందుకు, చిన్న సెన్సర్ ఉండే కొత్త క్రాప్ కెమెరా కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అంటారు. రాత్రి ముహూర్తాలు తీసినవాళ్లకి తెలుసు ఎందుకో. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు. మామూలు క్రాప్ సెన్సర్ సుమారు 23.5 బై 15.6. విస్తీర్ణంలో రెండు రెట్లకు పైగా తేడా, వెలుతురు పట్టడంలోనూ అంతే. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందు, బోటు దీపం ఒక్కటే వెలుగుతుండగా చేపల బుట్టలు దింపేవాళ్ల ముఖాలు తీసినప్పుడు ఆ తేడా కళ్లకి కనిపిస్తుంది. ఇరుకు కళ్యాణమండపంలో 24 ఎంఎం లెన్స్ నిజంగా 24 లాగే వెడల్పుగా చూస్తుంది, క్రాప్‌లో లాగా 36 అయిపోయి చూపు ఇరుకైపోదు. కొత్త ఫుల్ ఫ్రేమ్ కొనే స్తోమత పని మొదలుపెట్టే కుర్రాళ్లలో ఎంతమందికి ఉంటుంది? వాళ్లకి సెకండ్ హ్యాండే దారి. ఆ దారి బాగుండాలనే నా తాపత్రయం.

ఇప్పుడు నేను ఎలా కొంటానో చెప్తాను. బీచ్‌లో కలుద్దామంటే ఒప్పుకోను. పగటిపూట, తోడు ఒకరిని తీసుకుని, అమ్మేవాళ్ల ఇంటికే వెళ్తాను. మంచినీళ్లు తాగాక, "కెమెరా ఎక్కడ పెడతారండీ, ఒకసారి చూపిస్తారా?" అని అడుగుతాను. కొంతమంది ఇబ్బంది పడతారు. కొంతమంది గబగబా లేచి, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాయో, తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్టో తెచ్చి చూపిస్తారు. ఆ చూపించడంలోనే చాలా తెలిసిపోతుంది.

కెమెరా కన్నా ముందు బ్యాగ్ చూస్తాను. జిప్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన దాగదు. జిప్ రన్నర్ పచ్చబడి బిగుసుకుపోయిందా, లాగితే ఉప్పు రాలినట్టు గరగరలాడుతోందా అని చూస్తాను. కెమెరాని తుడిచి అమ్ముతారు, బ్యాగ్ జిప్‌ని ఎవరూ తుడవరు. తర్వాత ఫ్లాష్ తగిలించే పట్టీ, బెల్టు కొక్కేలు, అడుగు స్క్రూలు, బ్యాటరీ గదిలోని రేకులు. తుప్పు గానీ చిలుము గానీ చుక్కంత కనిపించినా నమస్కారం పెట్టి లేచి వచ్చేస్తాను. ధర తగ్గిస్తామన్నా సరే.

లెన్స్‌లోకి టార్చ్ వేసి చూస్తాను. లెన్స్ ద్వారం బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్22 పెట్టి, తెల్లగోడని తీసి, ఫొటో పెద్దది చేసి సెన్సర్ మీది మచ్చలు చూస్తాను. దుమ్ము అయితే కంగారు లేదు, శుభ్రం చేస్తే పోతుంది. మూత పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే సెన్సర్‌లో పాడైన చోట్లు ఏమైనా ఉంటే వెలిగే చుక్కల్లా బయటపడతాయి. గదిలో లైట్లు ఆర్పి, కిటికీ వెలుతురులో ఫోకస్ పట్టుకుంటుందో లేదో చూస్తాను. అరగంట ఆపకుండా వాడతాను. బాడీ మీది సీరియల్ నంబర్, బిల్లు మీది నంబర్ ఒకటే అయి ఉండాలి. బిల్లు లేని కెమెరాని ఎంత మంచివాళ్లు అమ్మినా కొనను, అది ఎవరి చేతిలోంచి పోయిన వస్తువో మనకి తెలియదు. చివరగా మెనూలో కాపీరైట్ పేరు.

మోడల్ గురించి కూడా కాస్త చదువుకుని వెళ్లాలి. ఉదాహరణకి నికాన్ డీ600, 2012లో వచ్చింది. సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని కంపెనీయే ఒప్పుకుని షట్టర్ మార్చి ఇచ్చింది, 2013లోనే డీ610 తెచ్చింది. డీ600 అమ్మేవారిని షట్టర్ మార్పించారా అని అడగడం మన హక్కు.

ధర దగ్గర అమ్మేవాళ్లు పట్టే పట్టు ఒకటి ఉంది. "నేను కొన్నప్పుడు లక్షన్నర పెట్టాను." ఆ లక్షన్నరకి వాళ్లు అన్నేళ్లు ఫొటోలు తీసుకున్నారు, సంపాదించుకున్నారు కూడా. 2018లో క్యానన్, నికాన్ రెండూ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి, అంటే లోపల అద్దం లేని కెమెరాల్లోకి దిగాయి. సోనీ అయితే 2013 నుంచే ఆ దారిలో ఉంది. 2019 జనవరిలో డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర దిగితే పాతవాటిది దిగక తప్పదు. అద్దం ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల ధర అప్పటి నుంచి జారుతూ వచ్చింది. కొనేవాడికి ఇది మంచికాలం. అమ్మేవాడు ఏడాది ఆగితే పోగొట్టుకునేదే ఎక్కువ.

2023లో నేను అమ్మాల్సి వచ్చింది. 2019లో 78 వేలకి కొన్న నికాన్ డీ750. ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన గంటకే ఫోన్. హిందీలో, చాలా మర్యాదగా. నేవీలో పనిచేస్తున్నానని, ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయిందని, మనిషిని పంపి కెమెరా తీసుకుంటానని, డబ్బు ముందే వేస్తానని చెప్పాడు. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు పంపాడు. బేరం ఆడనే లేదు. వేరే ఊళ్లో అయితే అనుమానం వచ్చేదేమో. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది, మా కింది వాటాలోనే నేవీ కుటుంబం ఉంటుంది. అందుకే నమ్మాలనిపించింది. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అని. అక్కడ ఆగాను. డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా అమ్మకానికి పెడితే ఈ ఒక్క ముక్క వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

చివరికి కొన్నది గాజువాక అబ్బాయి. వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఈలోగా నేను తెల్లకాగితం మీద ఆ కెమెరా జాతకం రాసి పెట్టాను. ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నదీ. 2021లో తొట్లకొండ మెట్ల మీద నా చేతిలోంచి జారి ఒక మూల నొక్కుకుపోయింది. అరకులో ఒకసారి జల్లుకి తడిసింది, వెంటనే ఆరబెట్టాను. బీచ్‌కి తీసుకెళ్లాను గానీ నీళ్లలోకి దిగలేదు. సెన్సర్ రెండుసార్లు శుభ్రం చేయించాను. స్క్రీన్ మీద గీత ఉంది. కౌంట్ 88 వేలు. డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో ఉంచాను. కింద సంతకం.

మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఇదంతా రాసిస్తే ఎవరు కొంటారండీ?" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. నా చుట్టూ ఉన్న ఫొటోగ్రాఫర్లు కూడా అదే అంటారు, అడిగితే చెప్దాం, అడగనిది ఎందుకు చెప్పాలి అని. నేను ఒప్పుకోను. పని మొదలుపెట్టే కుర్రాడికి ఏం అడగాలో తెలియదు. 2018లో నాకూ తెలియలేదు. తెలియనివాడు అడగలేదు కాబట్టి చెప్పలేదనడం మోసమే, నోరు విప్పలేదంతే. పెళ్లి సంబంధం చూసేటప్పుడు జాతకం దాస్తే ఎంత తప్పంటామో, కుర్రాడు అప్పు చేసి కొనే పనిముట్టు జాతకం దాచడం కూడా నాకు అంతే తప్పు. నేను 46 వేలు అడిగాను. కాగితం చదివాక 42 వేలకి తెగింది. ఆ నాలుగు వేలు నా చేతిలోంచి జారిన నొక్కుకి, నేను పెట్టిన గీతకి. అవి నా నుంచే పోవాలి.

అబ్బాయి కెమెరా చూస్తున్నంతసేపూ వాళ్ల నాన్నగారు మాట్లాడలేదు. కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత, "ఇది పాడైతే ఎక్కడ చేయిస్తారు బాబూ?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. నాకు తెలిసిన రిపేరు ఆయన నంబర్ కాగితం వెనక రాసిచ్చాను, అప్పట్లో 31 వేలు అవుతుందని చెప్పిన ఆయనదే. డబ్బు నా ఖాతాలో పడ్డాక, మెనూలో నా పేరు చెరిపి, ఆ అబ్బాయి చేతే అతని పేరు టైపు చేయించాను. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు.

నెల తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్. "అన్నా, డబ్బాలో మీరిచ్చిన గింజలు నారింజ రంగులోంచి పచ్చగా మారిపోయాయి, ఏమైనా అయిందా?" ఏమీ కాలేదని, అవి తేమ తాగేశాయంతేనని చెప్పాను. మూకుడులో పోసి సన్నసెగ మీద, మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా వేయించి, చల్లారాక డబ్బాలో పెట్టమన్నాను. ఆ మూకుడు మాత్రం వంటకి వాడొద్దని, వేరేగా ఒకటి కొనుక్కోమని మరీ మరీ చెప్పాను.